ఉట్టిలో గుమ్మడికాయ

మొన్న మా చిన్నమ్మ కొడుకు ఊరి నుంచి వస్తూ ఒక గుమ్మడికాయ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పోయాడు. మోకిలలో మేముండే అపార్ట్‌మెంట్‌లో పోపు వాసన, గిన్నెలు తోమే సబ్బు వాసన తప్ప మరొకటి ఉండదు. అలాంటిది ఆ కాయ పొట్టకు అంటిన ఎర్రమట్టిని తడిగుడ్డతో తుడుస్తుంటే, తొలి వానకు తడిసిన చెలక వాసన గుప్పుమని వంటిల్లంతా నిండింది. కత్తి చేతిలోకి తీసుకున్నానో లేదో, హాల్లో మా బిడ్డ చూస్తున్న ఫోన్‌లోంచి ఎవరో "అధ్యక్షా!" అన్నారు. చేయి ఆగిపోయింది. గుమ్మడికాయకీ పార్లమెంటుకీ ఏం సంబంధమని ఎవరైనా అడగొచ్చు, కానీ మా ఊళ్లో పెరిగినవాళ్లు మాత్రం అడగరు.

మొయినాబాద్ నుంచి సురంగల్ దాటి ఇంకా లోపలికి పోతే మా పల్లె. మాది క్యారెట్లు, టమాటలు, బంతిపూలు పండించే నేల. చలికాలం పొద్దున్నే పీకిన క్యారెట్లను హౌజు అనే నీళ్ల తొట్టిలో పోసి, మోకాళ్ల దాకా నీళ్లలోకి పిల్లలందరినీ దింపి, గట్టి మట్టి వదిలేదాకా తొక్కించేవాళ్లు. చలికి పళ్లు టకటకమని కొట్టుకునేవి, అయినా ఎవ్వరం బయటికి వచ్చేవాళ్లం కాదు, ఎందుకంటే కాళ్ల కింద దొర్లే క్యారెట్లలో సన్నవి ఏరుకుని అక్కడికక్కడే కరకరా నమలొచ్చు. ఎండ ఎక్కేసరికి మా పాదాలు పారాణి పెట్టినట్టు ఎర్రగా అయ్యేవి. మా నాయనమ్మ, శాంతమ్మ అవ్వ, గట్టు మీద కూర్చుని బంతిపూలు గంపకెత్తుతూ, "తినుండ్రి, తినుండ్రి, మార్కెట్ల నేను ఆకులు అమ్ముకొస్త" అని దెప్పేది.

అన్నీ ఉన్న ఊరికి ఒక్కటే లోటు. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు. ఎండాకాలం మేకలు కూడా దాన్ని లెక్కచేయవు గానీ, వానలు పడితే మాత్రం అది ఎవరి మాటా వినదు. ఊళ్లో బడి అయిదో తరగతి దాకానే ఉండేది. నేను ఆరో తరగతికి మొయినాబాద్ బడిలో చేరిన ఏడాదే, ఒకనాడు వాగు దాటుతూ కాలు జారి పడ్డాను. నన్నెవరో జడ పట్టి లాగారు గానీ నా పుస్తకాల సంచి మాత్రం గండిపేట చెరువు దారి పట్టింది. ఆ సాయంత్రం మా బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తువ్వాలతో నా తల తుడుస్తూ, "సదువు లేకుంట బతుకొచ్చు బిడ్డా, నువ్వు లేకుంట నేనెట్ల బతుకుత? వచ్చే వానకాలం దాంక వంతెన రాకపోతె బడి బంజేద్దాం" అన్నాడు.  అవ్వ దొడ్డి కప్పు మీదికి పాకిన గుమ్మడి పాదు వైపు చూస్తూ కూర్చుంది.

మా ఊళ్లో సగం ఇళ్లు చర్చికి పోయేవే. పంటలు చేతికొచ్చాక కోతల పండుగ జరిగేది. ఆ రోజు చర్చి లోపల సంత దిగినట్టుండేది. వరికంకుల తోరణాలు, జొన్న కట్టలు, క్యారెట్ కుప్పలు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి కొక్కొరొకోల మధ్య ప్రార్థన. ప్రార్థన అయ్యాక అసలు వేడుక మొదలయ్యేది: దేవుడికి తెచ్చినవన్నీ చర్చి ముందు వేలం వేసేవాళ్లు. పాట నడిపేది సంఘపెద్ద ఏసోబు తాత. ఈ పాటలో మా ఊరి మర్యాద ఒకటుండేది. పాడుకున్నవాడు డబ్బు చర్చికి కట్టేస్తాడు గానీ వస్తువును ఇంటికి తీసుకుపోడు, "ఇంకోసారి పాడుండ్రి" అని మళ్లీ బల్ల మీద పెట్టేస్తాడు. అలా ఒక్క కోడిపుంజు మధ్యాహ్నం దాకా చేతులు మారేది. వెనక గోంగూర మాంసం ఉడుకుతున్న వాసన వస్తే తప్ప ఏసోబు తాత పాట ఆపేవాడు కాదు. హిందువుల ఇళ్లవాళ్లు కూడా వచ్చి పాడేవాళ్లు, మేం బతుకమ్మకు పోయినట్టే.

ఆ ఏడు పండుగకు మా ఎంపీ గారిని పిలిచారు. మా పాదుకు జంటగా కాసిన రెండు పెద్ద గుమ్మడికాయల్లో ఒకదాన్ని అవ్వ చర్చికి తెచ్చింది. దాని వంతు రాగానే ఎంపీ గారు ముచ్చటపడి పెద్ద పాటే పాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ లేచి, కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది.

"సారూ, వాగు మీద వంతెన లేక ఆరో తరగతి సదివే నా మనుమరాలు బడి మానేటట్టున్నది. పైసలతోటి ఎవలన్న పాడుతరు. నువ్వు వంతెనతోటి పాడు."

 బాపు తల వంచుకున్నాడు. ఎంపీ గారు మాత్రం పకపకా నవ్వి, "సరే అవ్వా, ఢిల్లీల పార్లమెంటుల నిలబడి మీ వంతెన అడుగుత. ఇదే నా పాట" అన్నారు.

"మా మాటల్లనే అడగాలె. మాకు సమజ్ కావాలె గద" అంది అవ్వ.

ఆయన సరేనన్నారు. ఏసోబు తాత ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కంచు పళ్లెం మీద ఠంగుమనిపించాడు. అక్కడితో బాగానే ఉంది. కానీ మా మర్యాద తెలియని ఆ పెద్దమనిషి కాయను బల్ల మీద తిరిగి పెట్టకుండా, డ్రైవర్‌ను పిలిచి కారులో పెట్టించుకున్నారు. జనమంతా నోళ్లు తెరిచారు. దేవుడి గుమ్మడికాయ కారెక్కిపోయింది! అవ్వ మాత్రం సంతోషంగా, "కొంచవోనియ్యుండ్రి. మాట నిలుపుకోకుంట తింటె అరుగుతదా?" అంది.

ఇంటికి రాగానే రెండో గుమ్మడికాయను ఉట్టిలోకి ఎక్కించి, ఢిల్లీలో మన మాట వినబడేదాకా దీని మీద కత్తి పడదని తేల్చి చెప్పింది. గుమ్మడికాయను బెల్లం, ఇంత నెయ్యి వేసి మగ్గబెడితే నేను గిన్నె కూడా నాకుతానని ఆమెకు తెలుసు. బాపు ఉట్టి వంక చూసి నవ్వేవాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. ఈడ గుంత పూడ్పియ్యలేం, మా అమ్మ పార్లమెంటుకే టెండర్ పెట్టింది" అనేవాడు.

ఆ చలికాలం నుంచి మా ఊరికి పార్లమెంటు పిచ్చి పట్టింది. రంగుల టీవీ ఏసోబు తాత ఇంట్లోనే ఉండేది. సభ జరిగే రోజుల్లో ఆడవాళ్లు చిక్కుడుకాయలు, మాలలు కట్టాల్సిన పూలు అన్నీ అక్కడికే మోసుకొచ్చేవాళ్లు; చేతుల పని చేతులదే, చూపు మాత్రం టీవీ మీద. భాష తెలియకపోయినా సభ్యులందరూ వాళ్లకు చుట్టాలైపోయారు: ఊరికే లేచి కూర్చునేవాడు, నీళ్లు తాగనిదే నోరు తెరవనివాడు, నిద్రపోతూ బల్ల చరిచేవాడు. అరుపులు మొదలైతే, "మన పంచాయితే నయం" అనుకునేవాళ్లు. మేమేమో హౌజు గట్టు మీద సభ పెట్టేవాళ్లం. బోర్లించిన గంప మీద నా దోస్తు మేరీ స్పీకర్, ఎందుకంటే మేం ఆడుకునే బంతి ఆమెది. ఇంటిపని రద్దు చేయాలని నేను లేవనెత్తిన అంశం ఎన్నిసార్లు నెగ్గిందో లెక్కలేదు.

ఒకరోజు కోస్తా వైపు సభ్యుడొకాయన తెలుగులోనే మాట్లాడాడు. మా తీరంలో బెస్తవాళ్లకు రేవు లేదు అధ్యక్షా, ఒడ్డుకు చేరే పడవలు అలలకు పగిలిపోతున్నాయి అన్నాడు. అవ్వ జీవితంలో సముద్రం చూడలేదు. అయినా చేతిలోని చిక్కుడుకాయ అలాగే పట్టుకుని, "పాపం, దినమంత నీళ్ల మీదనే ఉంటరు, ఇంటికి దిగెతందుకు జాగ లేదట. మనకు అద్దరికి పోనీకి నీళ్లే అడ్డం, వాళ్లకు ఒడ్డుకు రానీకి నీళ్లే అడ్డం" అంది. ఆ ఆదివారం నుంచి మా చర్చి ప్రార్థనలో మా వాగు వంతెనతోపాటు సముద్రపోళ్ల రేవు కూడా చేరింది.

ఎండలు ముదురుతుండగా ఎంపీ గారి మనిషి ఫోన్ చేశాడు: రేపు మీ మాట వస్తుంది, చూడండి. మరునాడు ఏసోబు తాత ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. కిటికీ ఊచలకు కూడా పిల్లలు వేలాడారు. ఎంపీ గారు లేచారు. "అధ్యక్షా, మా చేవెళ్ల దిక్కు ఒక ఊరికి వాగు మీద వంతెన లేదు. వానకాలమొస్తే ఆరో తరగతి సదివే ఆడపిల్ల బడి మానుకోవాల్సి వస్తున్నది. ఆ ఊరి అవ్వ నాకు గుమ్మడికాయ ఇచ్చి మాట తీసుకున్నది" అన్నారు. సభంతా నవ్వింది. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే గంట మోగింది, కూర్చున్నారు. అంతే. మా ఊరు మాత్రం ఈలలతో దద్దరిల్లింది.

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా బాపు తువ్వాలతో భుజాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "దేశమంత విన్నంక గిప్పుడు బడి బంజేపిస్తె నా ఇజ్జతేముంటది? వంతెన ఎప్పుడన్న రానీ, నా బిడ్డ మాత్రం బడికి పోతది" అన్నాడు. నేను ఎంత ఏడ్చానో! ఆనందానికి కూడా వెక్కిళ్లు వస్తాయని ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నం ఉట్టి దిగిన గుమ్మడికాయ ఊరందరికీ తలా ఇంత వచ్చింది. నాకు మాత్రం గిన్నె అడుగు మొత్తం దక్కింది.

ఆ వానకాలానికి వంతెన రాలేదు. బాపు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని, చేతికర్రతో అడుగు వెతుక్కుంటూ వాగు దాటించేవాడు. నన్ను దించి వెనక్కి వచ్చేసరికి మేరీ, ఆమె చెల్లెలు వరుసలో నిలబడి ఉండేవాళ్లు. "నేను బాపునా, బల్లకట్టునా?" అని గొణుగుతూనే అందరినీ మోసేవాడు.

తర్వాత ఏడాదికి వంతెన వచ్చింది. రిబ్బన్ కత్తిరించడానికి ఎంపీ గారే వచ్చారు. అవ్వ దండ వేసి, "బతుకు బిడ్డా. ఇగ ఆ సముద్రపోళ్ల రేవు ఎంత దాంక వచ్చింది?" అని అడిగింది. ఆయన బిక్కమొహం వేసి, "అది మా ఏరియా కాదు గదవ్వా" అన్నారు. "పక్కపక్కనే కూసుంటరు గదనయ్యా, అడగరా?" అంది అవ్వ. ఆ ఏడు కాసిన గుమ్మడికాయల్లో ఒకటి మళ్లీ ఉట్టి ఎక్కింది. ఇదెవరికి అవ్వా అంటే, "సముద్రపోళ్లకు" అంది. అది మెత్తబడితే బర్రెకు వేసి, మరుసటి ఏడు ఇంకొకటి. కళ్లు మూసేదాకా ఉట్టి ఖాళీగా ఉంచలేదు.

ఇప్పుడా వంతెన ఉంది, కింద వాగే సన్నబడింది. హౌజు ఉన్నచోట విల్లాల ప్రహరీ గోడ లేచింది. కోతల పండుగ నాడు పాట లేదు, గోడకు అంటించిన స్కానర్‌కు ఫోన్ చూపిస్తే సరిపోతుంది. పదిమంది ముందు మాట ఇచ్చి కట్టుబడే ఆ బల్ల పోయినందుకే నాకు ఎక్కువ బెంగ.

ఫోన్‌లో గొంతు ఆగలేదు. నేను హాల్లోకి తొంగి చూశాను. కోస్తా వైపు నుంచి కొత్తగా గెలిచిన అమ్మాయట, చీర కొంగు సర్దుకుంటూ చెబుతోంది: మా తీరంలో పడవలు ఆపుకోవడానికి ఇప్పటికీ రేవు లేదు అధ్యక్షా.

నేను వెనక్కి వచ్చి కత్తి కడిగి స్టాండులో పెట్టేశాను. ఉట్టి లేని ఇల్లు కాబట్టి, స్టూల్ ఎక్కి గుమ్మడికాయను ఫ్రిజ్ మీదికి ఎక్కించాను. మా బిడ్డ వచ్చి, "ఆకలైతుంది మమ్మీ, అది కొయ్యవా? ఎవరి కోసం దాస్తున్నవ్?" అంది.

"సముద్రపోళ్లకు" అన్నాను.