మిల్లు గేటు దగ్గర నాలుగు నిమిషాలు

డిపోలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాడు లేడు. నిమిషాలాయన అంటే చాలు. ఇరవై ఆరేళ్ళుగా ఊరి బస్సులన్నిటికీ టైంటేబుల్ రాసేది ఆయనే. డీజిల్ వాసన కొట్టే మేడమీద గదిలో, బల్లంత కాగితం మీద, పెన్సిల్‌తో. ఏ బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఆయన చెప్పిందే వేదం. డ్రైవర్లు తమ అవస్థలన్నీ ఆయన చెవినే వేసేవాళ్ళు. ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి దారిలో మందు బిళ్ళ వేసుకోవాలి. అడిగినవాడికి అక్కడో నిమిషం, ఇక్కడో రెండు కలిపేవాడు. కారణం మాత్రం ఎక్కడా రాసేవాడు కాదు.

ఎనిమిదో నంబరు బస్సు డ్రైవరు ఆయన సొంత అక్క మొగుడే. రెండేళ్ళ కిందట షుగరు ముదిరింది.

"ఒరే బామ్మర్దీ, సిగ్గు విడిచి అడుగుతున్నా. మిల్లు గేటు దగ్గర మరుగుదొడ్డి ఉంది. ఓ నాలుగు నిమిషాలు ఇప్పించరా. ఆపుకోలేకపోతున్నా. ఎవరికీ చెప్పకు, తెలిస్తే సీటు మీంచి దించేస్తారు" అని చేతులు పట్టుకున్నాడు.

ఇచ్చాడు. అక్కకి కూడా చెప్పలేదు.

ఈమధ్య కొత్త మేనేజరు వచ్చి టైంటేబుల్‌ని ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. ఫోనున్న ప్రతివాళ్ళూ తెరవొచ్చు, పక్కన తమ మాట రాయొచ్చు, నచ్చిన మాటకి బొటనవేలు గుర్తు కొట్టొచ్చు. ఒకళ్ళు టైపు చేస్తుంటే అక్షరం అక్షరం అందరికీ కనబడుతుంది. అబ్బో, జనం ఎగబడ్డారు! బస్సు తన గుమ్మం ముందే ఆగాలని ఒకాయన, కండక్టరు నోరు మంచిది కాదని ఇంకొకావిడ. ఇన్నాళ్ళకి తన పని నలుగురి కళ్ళా పడిందని నిమిషాలాయన మొదట్లో మురిసిపోయాడు కూడా, పిచ్చి మనిషి.

మూడోరోజు ఒకామె రాసింది: "ఎనిమిదో నంబరు మిల్లు గేటు దగ్గర నాలుగు నిమిషాలు ఎందుకు నిద్రపోతోంది? రోజూ నాకు ఆఫీసులో చివాట్లు." మధ్యాహ్నానికి దానికి మూడొందల బొటనవేళ్ళు. కుర్చీలో కూర్చున్నవాడికి మా తిప్పలేం తెలుసని తిట్లు. మేనేజరు అందరి ముందూ ఆ పేజీలోనే అడిగాడు: "డ్రైవరుగారూ, ఇది మీరడిగారా?"

నిమిషాలాయన తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. బావ ఏదో సర్దిచెబుతాడులే. ఇంజను చల్లబడాలంటాడు. పోనీ, నోరు మూసుకుని ఊరుకుంటాడు.

అక్షరాలు పడ్డాయి. "నేనడగలేదు సార్. మాకూ ఇబ్బందే. ఆయన ఎవరి మాటా వినడు."

ఎవరి మాటా వినడట!

వెంటనే మేనేజరు రాశాడు, సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే టైంటేబుల్ పని వేరేవాళ్ళకి ఇస్తానని.

నిమిషాలాయన మొదలెట్టాడు: "ఆ నాలుగు నిమిషాలు అడిగింది". అక్కడ ఆగాడు. పేజీ చూస్తున్నవాళ్ళ వరసలో బావ పేరు వెలుగుతోంది. ఇంకొక్క మాట రాస్తే ఆయన సీటు పోతుంది, అక్క సంసారం వీధిన పడుతుంది. రాయకపోతే తన ఇరవై ఆరేళ్ళ పేరు పోతుంది. నమ్మించి గొంతు కోశాడుగా, రాసెయ్, రాసెయ్ అంటోంది మనసు.

ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపాడు. "పొరపాటు నాదే. క్షమించండి" అని రాసి, మిల్లు గేటు గడిలో నాలుగు తీసేసి సున్నా పెట్టాడు.

రాసీ రాయగానే ఆ క్షమాపణ కింద ఒక బొటనవేలు లేచింది. ఎవరా అని నొక్కి చూశాడు.

బావే.