తూటాల తైమత్త

అందరూ తైమత్త అని పిలిచే తైమి రౌతియో దగ్గరికి వెళ్ళి మీరు ఏ తుపాకి అడిగినా సరే, ఆవిడ అది మాత్రం అమ్మదు. మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ లాంటి పెద్ద తుపాకి కావాలని వెళ్ళినవాడు తేలికపాటి థర్టీ-థర్టీ భుజాన వేసుకుని బయటికి వచ్చేవాడు. థర్టీ-థర్టీ కోసం వెళ్ళినవాడు అంతకన్నా పెద్దదైన థర్టీ ఆట్ సిక్స్‌తో వచ్చేవాడు. ఏదో ఒకటి ఇవ్వమన్నవాడు ఉత్త చేతులతో వచ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడని తుపాకులమ్మే మనిషి అనుకునేవారు. నిజానికి ఆవిడ తుపాకులకీ జనానికీ మధ్య అడ్డంగా నిలబడిన మనిషి.

అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో నవంబరు పదిహేనంటే జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు బడి ఉండదు. రంపపు మిల్లు తిరగదు. పెళ్ళిళ్ళు పెట్టుకోరు. చావడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కూడా నెలాఖరు దాకా ఓపిక పడతారు. అంతకు నెలన్నర ముందునుంచే మా ఇనుప సామాన్ల షాపులో, తైమత్త తుపాకుల కౌంటర్ దగ్గర ఒకటే రభస. ఏ క్యాలిబర్ మంచిది? అంటే, ఎంత లావు గుండు, ఎంత మందు దట్టించి జింకని కొట్టాలి? మతం గురించి వాదించుకుని మా వాళ్ళు మళ్ళీ కలిసి కాఫీ తాగగలరు. ఓట్ల గురించి వాదించుకుని కూడా తాగగలరు. క్యాలిబర్ గురించి వాదించుకున్నాక మాత్రం ఎవరి ఫ్లాస్కు వారిదే.

అదే షాపులో నేను పెయింట్లు అమ్మేవాణ్ణి. మా రెండు కౌంటర్లకీ మధ్య మేకుల డబ్బాల అర ఒక్కటే అడ్డు. అందుచేత తైమత్త వైద్యమంతా నా చెవిన పడేది. వైద్యం అని ఊరికే అనడం లేదు. హోమియో డాక్టరు రోగిని అడిగినట్టే అడిగేది. నిద్ర ఎలా పడుతుంది, కోపం ఎప్పుడొస్తుంది, అత్తగారితో ఎలా ఉంటావు అంటూ.

ఒకసారి దుంగల లారీ నడిపే డొమినిక్ వచ్చాడు. తలుపంత మనిషి.

"అత్తా, మాగ్నమ్ ఒకటి తియ్యి."

"ఎవరికి?"

"జింకకి."

"జింక అడిగిందా, నువ్వు అడుగుతున్నావా?"

"నేనే అనుకో."

"ఎక్కడ కూర్చుంటావు?"

"చిత్తడి పక్కన, మా బావ కట్టిన గుడిసెలో."

"అక్కణ్ణించి ఎంత దూరం కనబడుతుంది నీకు?"

డొమినిక్ కళ్ళు చికిలించి గుర్తు తెచ్చుకున్నాడు. "చెట్లు అడ్డం గదా. ఏదో, ఆ గోడ అవతల దాకా."

"ఈ గోడ అవతల ఉన్న జింకని కొట్టడానికి, పక్క జిల్లాలో ఉన్న జింకని కూడా చంపే తుపాకి దేనికిరా నీకు?"

"మరి ఎలుగుబంటి వస్తేనో?"

"వస్తే పరిగెత్తుతావు. మాగ్నమ్ బరువెక్కువ, పరిగెత్తలేవు."

ఆ తరవాత ఉప్పు బస్తా ఎత్తించింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. వాడు ఏమరుపాటుగా ఉన్న సమయం చూసి చెవి వెనక ఫట్‌మని చప్పట్లు కొట్టింది. డొమినిక్ కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

"రెప్ప కొట్టావు. పెద్దది పేలితే కళ్ళు మూసి గురి తప్పుతావు. నీకు థర్టీ-థర్టీ."

"చెవి దగ్గర అంత చప్పుడు చేస్తే ఎవడైనా కొడతాడు గదత్తా!"

"ఎవడైనా కొట్టనీ. అడవిలో జింక ముందు కూర్చునేది నువ్వు."

డొమినిక్ థర్టీ-థర్టీతో వెళ్ళాడు. ఆ ఏడు జింకని తెచ్చాడు. అయినా మాగ్నమ్ అయితే ఇంకా పెద్దది దొరికేదని ఇప్పటికీ అంటాడు.

మా చర్చి పాస్టరుగారు ఒకసారి చిన్న క్యాలిబర్ ఏదైనా ఇవ్వమని వచ్చారు. మృదు స్వభావులు. తైమత్త ఆయన్ని కిందనుంచి మీదికి చూసి, "అయ్యగారూ, మీ ప్రసంగాలు నేను ప్రతి ఆదివారం వింటున్నాను. మీరు చుట్టూ తిప్పి తిప్పి కొడతారేగాని మొదటి దెబ్బ విషయానికి తగలదు. మీకు కాస్త పెద్దదే కావాలి," అని థర్టీ ఆట్ సిక్స్ చేతిలో పెట్టింది. ఆ వచ్చే ఆదివారం ప్రసంగం ఎన్నడూ లేనంత సూటిగా సాగింది.

ఆవిడకి ఇంకో గుణం ఉంది. తను పొరబడ్డానని ఒప్పుకోదు. ఆవిడ పుట్టినప్పటినుంచీ ఆ మాట నోటి గడప దాటలేదు. ఒకాయన వచ్చి, "నువ్విచ్చిన తుపాకితో నిలబడ్డ జింకని కూడా కొట్టలేకపోయానమ్మా," అని మొత్తుకుంటే, ఆవిడ వివరాలన్నీ శ్రద్ధగా విని, "తుపాకి సరైనదే. జింకే సరైన చోట నిలబడలేదు," అని తీర్పు చెప్పింది.

ఈ తీర్పులకి లొంగని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. యాల్మర్ హెడ్లుండ్. అడవిలో చెట్లు కొట్టి రిటైరైన స్వీడను వాడు. తైమత్త అమ్మదని తెలిసి, మాగ్నమ్ కోసం మంచులో పక్క ఊరు పోయి కొనుక్కొచ్చాడు. అది పేలినప్పుడల్లా గుర్రంలా తన్నేది. తుపాకి మీది దుర్భిణి వెనక్కి వచ్చి గుద్దడంవల్ల అతని కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో ఓ మచ్చ ఉండేది. దాన్ని యుద్ధంలో వచ్చిన పతకంలా అందరికీ చూపించుకునేవాడు.

ఏటా ఇద్దరికీ ఒకటే గొడవ.

"ఏమయ్యా యాల్మర్, నొసటి మీద చంద్రుడు ఎలా ఉన్నాడు?"

"బావున్నాడు. నువ్వెలా ఉన్నావు తైమీ, ఇంకా పిల్లల తుపాకులే అమ్ముతున్నావా?"

"నీకు టూ ఫార్టీ త్రీ చాలు. ఎప్పటినుంచో చెప్తున్నాను. భుజం నొప్పెట్టదు, కళ్ళు మూసుకోవు, తిన్నగా తగులుతుంది."

"అది ఎలకలకి!"

"జింకకి తెలుసా ఎలకలకని?"

ఇద్దరిలో ఎవరు ఏమన్నా రెండోవారు కాదనాల్సిందే. బయట మంచు పడుతోందని ఆవిడంటే, కిటికీలోంచి చూస్తూ కూడా, "అది మంచు కాదు, పొడి," అనేవాడాయన. పొయ్యి చుట్టూ కాఫీ కప్పులతో కూర్చున్న మా వాళ్ళకి వేటకన్నా ఇదే ఎక్కువ వినోదం.

అలాంటి యాల్మర్ ఒక అక్టోబరు ఉదయం తుపాకుల కౌంటర్ వైపు చూడకుండా, నిచ్చెనల చాటునుంచి నా దగ్గరికి వచ్చాడు.

"రూడీ, మందపాటి స్పాంజి ఉందా? కుర్చీకి."

తెచ్చి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ చూసి, దాన్ని మడిచి, కోటు లోపలికి దోపి భుజం మీద పెట్టి చూసుకున్నాడు. నేను చూస్తున్నానని తెలియగానే మొహం ఎర్రబడింది.

"ముందటేడు చలికాలం మంచులో జారిపడ్డాగా," అన్నాడు గొంతు తగ్గించి. "భుజం అతికిందిగాని, మునుపట్లా లేదు. నిరుడు ట్రిగ్గర్ నొక్కబోతుంటే కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. జింక కాలికి తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ పోయాను. దొరకలేదు రూడీ. ఆ జింక ఎక్కడో..." అని ఆగిపోయాడు.

స్పాంజి బయటికి తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఈ ఏడు వేట క్యాంపుకి వెళ్ళకపోతే ఏం పోయింది? జింకలు కూడా మునుపట్లా లేవు," అన్నాడు.

ఆ క్యాంపు ఆయన తన చేతులతో దుంగలు చెక్కి కట్టుకున్నది. భార్య పోయాక ఏడాదిలో ఆయన నవ్వేది ఆ పదిహేను రోజులే. సౌనా అనే ఆవిరి గదిలో కూర్చుని వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ, పాత స్నేహితులతో అబద్ధాలు చెప్పుకుంటూ గడిపే రోజులవి.

"మరి తేలికైన తుపాకి తీసుకోకూడదా మామా?"

"ఆవిడ దగ్గరా?" ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ఇన్నేళ్ళూ ఎలకలదన్నదాన్ని చేతబట్టుకుని ఆ పొయ్యి ముందునుంచి నడవమంటావా? అంతకన్నా ఇంట్లో కూర్చుని రేడియో వింటాను."

స్పాంజి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను తిరిగి చూసేసరికి మేకుల డబ్బాల అవతల తైమత్త ఓ తుపాకి గొట్టం తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

యాల్మర్ పని అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్ళ యుద్ధంలో శత్రువు గుట్టు చేతికి చిక్కింది. రేపు కాఫీ వేళకి పొయ్యి దగ్గర యాల్మర్ పరువు ముక్కలు ముక్కలవుతుంది. "అత్తా, పాపం..." అనబోయాను. "నీ పని చూసుకో," అంది.

మర్నాడు అందరూ చేరారు. యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటున్నారు. యాల్మర్ కూడా అలవాటు మానలేక వచ్చి ఓ మూల కూర్చున్నాడు. తైమత్త ఓ తుపాకి తెచ్చి కౌంటర్ మీద దభీమని పెట్టింది.

"అందరూ వినండి. ఈ టూ ఫార్టీ త్రీ శుద్ధ దండగ. ఇకమీదట నేనిది అమ్మను."

డొమినిక్ చేతిలోని రొట్టె కాఫీలో మునిగిపోయింది. నాకు ఒక్కటే తోచింది. ఈవిడకి మతి పోయింది.

"అదేంటి, నువ్వేగా మంచిదనేదానివి?" అన్నాడు యాల్మర్ మూలనుంచి.

"బాగా ఆలోచించాను. దీంతో పెద్ద మగజింకని కొట్టడం మనిషన్నవాడివల్ల కాదు. ఇది ఎలకలకి."

యాల్మర్ ముఖం పడిన అవస్థ నేను చూశాను. తన మాటే ఆవిడ నోట వినబడింది. ఆవిడన్న మాటకి ఔననడం ఆయన ఒంటికి పడదు.

"ఎందుకు కాదు?" అన్నాడు చివరికి.

"కాదంటే కాదు."

"కొట్టే చెయ్యి సరైనదైతే ఏ తుపాకైనా చాలు!"

"ఎవరి చెయ్యి? నీదా?" తైమత్త నవ్వింది. "గొడ్డలి పట్టిన చెయ్యి. నీకు గొట్టం లావుగా ఉంటే తప్ప పనవదు. ఇంత నాజూకు తుపాకి నీకెందుకులే యాల్మర్, జింకలు చూసి నవ్వుతాయి."

యాల్మర్ లేచాడు. "ఇటియ్యి దాన్ని."

"ఇవ్వను. నీ పరువు పోతే నన్నంటావు."

"ఇస్తావా ఇవ్వవా?"

"నేనివ్వనంటుంటే!"

ఆయన కౌంటర్ దాకా వచ్చి తుపాకి పిడి పట్టుకున్నాడు. ఆవిడ గొట్టం పట్టుకుంది. కాసేపు అటూ ఇటూ లాగులాడుకున్నారు. "దీంతో జింకని తెస్తే ఏం చేస్తావు?" అని ఆయన గద్దించాడు.

"తెచ్చినప్పుడు చూద్దాం!"

"ఆ స్టూలెక్కి, అందరి ముందూ, 'నేను పొరబడ్డాను, యాల్మర్ చెప్పిందే నిజం' అనాలి."

పొయ్యి దగ్గరివాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఇంతవరకూ ఆవిడని ఆ కోరిక కోరిన మొనగాడు లేడు.

"అంటాను పో," అంది తైమత్త, గొట్టం వదిలేస్తూ.

ఆయన విజయోత్సాహంతో వెళ్ళాక నాకొకటి తట్టింది. అమ్మనని చెప్పిన ఆ తుపాకికి అప్పటికే నూనె పెట్టి ఉంది. దుర్భిణి బిగించి గురి సరిచూసి ఉంది. భుజానికి ఆనే చోట కొత్త మెత్తటి రబ్బరు అతికించి ఉంది. శుద్ధ దండగమారి వస్తువుకి అంత సేవ ఎవరు చేస్తారు?

వేట మొదలైన రోజు సాయంత్రం కాకముందే వీధి చివరనుంచి ఓ ట్రక్కు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. యాల్మర్ దిగాడు. టోపీ మీద మంచు, చొక్కా మీద మాంసం కూరిన పేస్టీ రొట్టె ముక్కలు, నొసటి మీద కొత్త గాయమేదీ లేదు. ట్రక్కు వెనక భాగంలో కొమ్ములు గుబురుగా విచ్చుకున్న మగజింక.

"ఒక్కటే తూటా!" అని కేక పెట్టాడు. "నిలబడ్డచోటే కూలింది. ఒక్కడుగు వెయ్యలేదు. కళ్ళు తెరుచుకుని చూస్తూ కొట్టాను రూడీ, పూర్తిగా తెరుచుకుని!"

తరవాత లోపలికి వచ్చి, తానే స్టూలు తెచ్చి, కౌంటర్ ముందు వేసి, మీదున్న దుమ్ము చేత్తో తుడిచాడు.

తైమత్త ఎక్కింది. కళ్ళజోడు తీసింది, పెట్టుకుంది. షాపులో జనం, గుమ్మంలో జనం, కిటికీ అవతల జనం. పాస్టరుగారు కూడా వచ్చారు.

"నేను," అంది. దగ్గింది. "నేను పొర..." మంచినీళ్ళు అడిగింది. తెచ్చి ఇచ్చాను. చేదు మందు తాగినట్టు తాగింది. "నేను పొరబడ్డాను. యాల్మర్ చెప్పిందే నిజం."

జనం ఈలలు వేశారు. యాల్మర్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ తరవాత, అంత గొప్ప మాట అనిపించిన మనిషి, స్టూలు దిగడానికి ఆవిడకి చెయ్యందించాడు. తెలియకుండానే, దెబ్బతిన్న భుజం వైపు చెయ్యే అందించాడు.

అప్పటినుంచి ప్రతి అక్టోబరులో యాల్మర్ తైమత్త కౌంటర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. తుపాకి కొనడానికి వచ్చిన ప్రతివాడినీ ఆపుతాడు. "ఈవిణ్ణి అడక్కు బాబూ. మంచి మనిషేగాని, తుపాకుల సంగతి అంతగా తెలీదు. టూ ఫార్టీ త్రీ తీసుకో. అది నేను కనిపెట్టాను," అంటాడు. మొన్న ఒకడు ఎల్క్‌ని, అంటే గుర్రమంత దుప్పిని కొట్టడానికి పడమటి కొండలకి పోతున్నానని చెప్పినా వినలేదు. అదే తీసుకోమన్నాడు.

తైమత్త రెండు చేతులతో కౌంటర్ అంచు పట్టుకుని, పళ్ళు బిగించి, "అవునండీ. ఆయన్నే అడగండి," అంది. యాల్మర్ కాఫీకని లేవగానే ఆ మనిషిని చొక్కా పట్టుకుని వెనకగదిలోకి లాక్కుపోయి, ఒంటికాలి మీద నిలబెట్టింది.

ఒకరోజు షాపు కట్టేసే ముందు అడిగేశాను. "అత్తా, అదంతా నువ్వు కావాలనే చేశావు గదూ?"

"ఏదంతా?"

"టూ ఫార్టీ త్రీ దండగన్నది. స్టూలెక్కింది. నాకు తెలుసులే."

ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి నన్నొక చూపు చూసింది. చెవి వెనక చప్పట్లు కొడుతుందేమోనని నేను ముందే రెప్ప కొట్టాను.

"నీకు పెయింట్ల సంగతే సరిగ్గా తెలీదు," అంది. "పో, ఆ ఆకుపచ్చ డబ్బాకి మూత పెట్టు. ఎండిపోతోంది."