సముద్రానికి పొట్టిగైన కేబుల్

ఇది ఒక సముద్ర మహాగాథ. ఇందులో ఓడలున్నయ్, అలలున్నయ్, నల్లటి పొగ మీద మనిషి చేసిన యుద్ధం ఉంది.

రాసేటోడు మాత్రం పాతబస్తీ జహనుమాల రెండో అంతస్తు మీద రేకుల రూములో కూసున్నడు. సముద్రాన్ని ఇప్పటిదాకా చూడలే. ఓడలంటే ఒక్కటే టగ్గు, అంటే పెద్ద ఓడలను రేవులకు గుంజుకొచ్చే చిన్న పడవ. యుద్ధమంటే, ఒక కేబుల్ పొట్టిగైంది. గంతే. మహాగాథ కోసం వచ్చినోళ్లు ఇక్కడ్నే దిగిపోవచ్చు.

నేను పనిచేసే కంపెనీ రేవులల్ల డీజిల్ తగ్గించే ప్లాన్లు రాస్తది. పెద్ద రేవులకు పెద్ద కంపెనీలున్నయ్, మాకు చిన్న రేవులే దిక్కు. తూర్పు తీరంల గసొంటిదే ఒకటి మాకు దొరికింది. అక్కడ టగ్గు ఒడ్డుకు కట్టేసి ఖాళీగ ఉన్నప్పుడు గూడ లోపలి లైట్లకు, ఫ్రిజ్జుకు, పంపులకు దాని జనరేటర్ నడుస్తనే ఉంటది. దాన్ని బంద్ చేసి, గోదాం కప్పు మీద సోలార్ పలకలు పెట్టి, ఒడ్డు మీది నుంచే కరెంటిచ్చుడు మా ప్లాన్. దానికంటే ముందు రోజుకెంత డీజిల్ కాలుతుందో పట్టికల రాయాలె. రాసేటోడిని నేనే.

ఆఫీసు ఎత్తేసి అందరినీ ఇంటికాన్నుంచే పనిచేయమన్నరు. రూములో నాతోని ఉన్నోడు పెండ్లి చేసుకొని పోయిండు. మిగిలిన దోస్తులు గచ్చిబౌలి దిక్కు పోయిన్రు. ఇక్కడికెళ్లి అక్కడికి పోయొచ్చుడు కన్నా ఓడెక్కుడు నయం. గిట్ల గిట్ల నాతోని రోజూ మాట్లాడే మనిషి ఒక్కడే మిగిలిండు. టగ్గుల జనరేటర్ చూసుకునే అన్న.

పొద్దున తొమ్మిదింటికి ఆయన ట్యాంకుల పుల్ల ముంచి, ఎంతవరకు తడిసిందో చూసి, నాకు ఫోన్ చేసి చెప్పాలె. మెసేజ్ పెట్టొచ్చు గానీ ఆయనకు ఫోన్ల అక్షరాలు ఆనవు. అంకె చెప్పుడు అర నిమిషం పని. మేం ఇరవై నిమిషాలు మాట్లాడుతుంటిమి.

"ఏటి తిన్నావు తమ్ముడూ?"

"ఖిచిడీ అన్నా."

"జొరమొచ్చిందేటి?"

"లేదన్నా, మాకు పొద్దుగాల ఖిచిడీనే, చింతపండు ఖట్టా పోసుకొని."

నమ్మలే. వారం దాకా రోజూ జొరం తగ్గిందా అని అడిగిండు. ఎనుక దబదబ సప్పుడు విని, "మీకాడ కూడా ఇంజన్ నడుస్తందేటి?" అన్నడు. కింద మా ఓనర్ ఇనుప బీరువాలు చేస్తడని చెప్పిన. ఒకసారి సముద్రం ఇనమని ఫోన్ బయటికి పెట్టిండు. నాకు జనరేటర్ ఒక్కటే ఇనొచ్చింది. ఫలక్‌నుమా చడావు ఎక్కుతున్న బస్సు లెక్క ఉందన్న. బస్సు మునగదు కదా తమ్ముడూ అన్నడు.

ఒడ్డు కరెంటు వస్తే మీటరే పావుగంటకోసారి అంకెను నా పట్టికలకు పంపిస్తది. పుల్ల వద్దు, ఫోన్ వద్దు. రిపోర్టుల ఆ లైను, "ఇకపై మానవ ప్రమేయం అవసరం లేదు" అని, నేనే రాసిన. మస్తు గట్టి లైనని బాస్ మెచ్చుకుండు గూడ.

ట్రయల్ రోజు కొబ్బరికాయ కొట్టిన్రు, ప్లగ్గు పెట్టిన్రు, జనరేటర్ బంద్ చేసిన్రు. నేను వీడియోల చూసి రూములో ఒక్కన్నే చప్పట్లు కొట్టిన. పగటీలి అన్న ఫోన్ చేసిండు.

"తమ్ముడూ, ప్లగ్గు ఊడిపోయింది. ఒడ్డు మీది కరెంటు బాక్సు దానంతటదే ట్రిప్పయింది, ఎవులికీ ఏటీ కానేదు."

"ఎట్ల ఊడిందన్నా?"

"నీళ్లు దిగిపోనాయి."

"ఎక్కడ లీకైంది?"

అటుదిక్కు మొత్తం టగ్గు నవ్విందనుకుంట. సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతదట. దాంతోని టగ్గు గూడ దిగుతది. నేను ఒడ్డు మీది బాక్సు నుంచి టగ్గు దాకా ఫొటోల చూసి కొలిచి, ధైర్యానికి ఒక మీటరు కలిపి కేబుల్ రాసిచ్చిన. నీళ్లు దిగిన కొద్దీ అది బట్టలారేసే తాడు లెక్క బిగుసుకొని, ఆఖరికి ఊడింది. పొద్దుకోసారి ఎండే చెరువును మా మీరాలం దిక్కు ఎవ్వరు చూడలే. మాకాడ నీళ్లు దిగినయంటే నల్లా బందైనట్టు, లేకుంటే పైపు పగిలినట్టు.

"నువ్వు ముందే చెప్పొద్దా అన్నా?"

"కంప్యూటర్ లెక్క కదా, దానికి తెలుస్తాదనుకున్నాను."

ఆయన కంప్యూటర్‌ను నమ్మిండు. కంప్యూటర్ నన్ను నమ్మింది.

జనరేటర్ మళ్లా మొదలైంది. తొమ్మిదింటి ఫోనూ మళ్లా మొదలైంది. పొడుగు కేబుల్ కావాలని నేను మెయిల్ పెట్టాలె. రాసిన, పంపలే. నాలుగు రోజులు అట్లనే పెట్టిన. బాస్ అడిగితే "కొలతలు మళ్లా చూస్తున్న" అన్న. ఆ నాలుగు రోజులు అక్కడ కాలిన డీజిల్ నా ముచ్చట్ల కోసం కాలింది. ఆ అంకెను గూడ పట్టికల నేనే రాసిన. కారణమనే గడిల "సాంకేతికం" అని పెట్టిన.

ఐదో రోజు అన్న అంకె చెప్పబోయి దగ్గు మొదలుపెట్టిండు. ఆగలే.

"ఏమైందన్నా?"

"ఏటుంది, పొగే. ప్లగ్గు పెట్టిన పూట ఛాతీ తేలిగ్గా ఉండింది. కేబులెప్పుడొస్తాది తమ్ముడూ?"

ఫోన్ పెట్టేసి మెయిల్ పంపిన. గొప్ప త్యాగమేం కాదు, ఒక్క బటన్.

పొడుగు కేబుల్ వచ్చింది. నీళ్లు దిగినయ్, ప్లగ్గు ఊడలే. అన్నను తీసెయ్యలే, ప్లగ్గు కాడ కావలి పెట్టిన్రు. తెల్లారి తొమ్మిదింటికి పట్టిక దానంతటదే నిండింది. నేను ఫోన్ దిక్కు చూసిన. ఫోన్ నా దిక్కు చూడలే. ఖిచిడీ తిన్న. ఏం తిన్నవని ఎవ్వరడగలే. కింద ఓనర్ బీరువాను కొట్టుకుంట ఉన్నడు, ఆ మనిషన్నా నయం, కొడితే మాట్లాడే సామానుంది.

ఫోన్ చేస్తే ఏమని చేయాలె? "అన్నా, ఏం పని లేదు" అని చెప్పేటందుకు గూడ ఒక పని ఉండాలె. మూడు వారాలు వెతికితే దొరికింది.

"ఏటి తమ్ముడూ, మీటరు పాడైందా?" ఆయన గొంతుల కొంచెం ఆశ ఇనిపించింది. నేను కలిపిందే కావచ్చు.

"లేదన్నా. కేబుల్ వారంటీ కార్డు నీకాడ్నే ఉందంట, జర చదువుతవా?"

"నీకాడ నేదా?"

"లేదు," అన్న. కార్డు నా కంప్యూటర్ మీద తెరిచే ఉంది.

అద్దాలు తెచ్చుకుండు. డీజిల్ అంకె చెప్పినట్టే ఒక్కో మాట పట్టుకొని చదివిండు. దగ్గలే. ఎనుక జనరేటర్ లేదు, ఏదో వచ్చిపోయే సప్పుడుంది. బస్సు లెక్క మాత్రం లేదు. అడ్డం రాకుండ ఆఖరి లైను దాకా ఇన్న.

కేబుల్‌కు రెండేండ్లు వారంటీ. ఉప్పునీళ్లు తగిలితే వర్తించదు.