కితాబీ కీడా

మా అన్న గొర్లెంబడి పోతే గొర్లు ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు. చేతిల కట్టె ఉండాల్సిన కాడ పుస్తకం ఉండేది. పక్కోళ్ల పల్లిచేన్ల గొర్లు పడ్డా సోయి ఉండకపోయేది. గా పంచాదులన్నీ మా బాపు నెత్తి మీదికే వచ్చేటియి.

కల్వకుర్తిల పాత కాగితాలు కొనే ఒక ముసలాయన దుకాణం ఉండె. అంగడికి పోయినప్పుడల్లా అన్న గా కుప్పలల్ల జొరబడి పుస్తకాలు ఏరుకునేటోడు. ముసలాయన నవ్వి, "నీ కొడుకు కితాబీ కీడా" అన్నడట బాపుతోని. కీడా అంటే పురుగు. అట్ట అతికిచ్చిన మైదా లై కోసం పాత పుస్తకాలకు పురుగులు పడ్తయి, దులిపినా పోవు. బడిల సార్లు పుస్తకాల పురుగు అంటరు, గదీ గిదీ ఒక్కటే. బాపుకు సదువు రాదు గని, గా ఉర్దూ మాట మస్తు నచ్చింది. కోపమొస్తే గదే తిట్టు, ముద్దొస్తే గదే పిలుపు.

తెలంగాణొచ్చినంక ఓ ఎండకాలం, గొర్ల కాడ ఉండంగనే అన్న మీద పిడుగు పడ్డది. ఇగ ఏం చెప్పాలె.

మూడొద్దులకు బొంద కాడ పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనవి ఇస్తారిల పెట్టి దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టాలె. ముట్టకుంటే వాళ్ల మనసుల ఏదో కోరిక ఉండిపోయినట్టు. అన్నకిష్టమని అమ్మ తలకాయ కూర, గుడ్లు వండింది. కాకులు తుమ్మచెట్టు మీద కూసున్నయి గని ఒక్కటి దిగలే. ఎండ నెత్తి మీదికొచ్చింది. అమ్మ మన్నుల పడి పొర్లుతున్నది.

బాపు దండం పెట్టిండు. "నీ చెల్లెను నల్గొండల సదివిస్త కొడుకా, ముట్టు" అన్నడు. దిగలే. "నీ పుస్తకాలు ఒక్కటి గూడ పారెయ్యను" అన్నడు. దిగలే. "ఇగ నిన్ను గా మాట అననురా, తప్పయింది" అని చెంపలేసుకున్నడు. అయినా దిగలే. ఆకలితోనే పోతడా మా అన్న?

బాపుకు కోపమొచ్చింది. నిజంగనే కోపం. ఇంటికాడ ఎంత పిల్చినా అన్న పుస్తకంలకెళ్లి తలకాయ లేపకుంటే ఎట్ల అరిసేటోడో, గట్లనే అరిసిండు. "ఓ కితాబీ కీడా! బువ్వ సల్లారుతాంది, వస్తవా రావా!"

కాకి దిగింది. గుడ్డు ముట్టింది. అందరు హమ్మయ్య అనుకున్నరు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమన్నది. ఇన్నడు గదా! గంత దగ్గర్నే ఉన్నడు గదా!

ఇప్పుడు నేను నల్గొండల కాలేజీల సదువుతున్న. సెలవులకు ఇంటికి పోతే అన్న పుస్తకాలే ముంగటేసుకుంట. మొన్న గట్లనే కూసున్న. బాపు బువ్వకు పిలుద్దామని వచ్చి నోరు తెరిసిండు, మల్ల మూసుకున్నడు. ఉత్తగ భుజం తట్టిండు.

"గా మాట నన్ను గూడ అను బాపు" అని అడిగిన.

"వద్దు బిడ్డా. అంటే వాడొస్తడు." వాకిలి దిక్కు సూసిండు. "వచ్చినోడు మల్ల పోతడు గదా."