స్టీరింగు మీద ఒక వేలు

మా వదిన గ్లెనిస్‌కు కాలు ఒకచోట నిలవదు. ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాలో బడి బస్సు నడిపినన్నాళ్లూ సెలవులు ఎప్పుడొస్తాయా అని చూసేది. సెలవులు రాగానే మా అన్నను పక్క సీట్లో పడేసుకుని ఫ్లిండర్స్ కొండల దారి పట్టేది. అన్న పోయాక ఆ సీటు నాకు వచ్చింది. స్టీరింగు మాత్రం ఆయనకూ ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు.

పోయిన చలికాలం ఆ స్టీరింగుకే ముప్పు వచ్చింది. కళ్ల పరీక్షకు రమ్మని డాక్టరు రెండుసార్లు కబురు పెట్టాడు. రెండుసార్లూ "కొండలకు వెళ్తున్నా, ఖాళీ లేదు" అంది. పరీక్ష తప్పితే లైసెన్సు పోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఎత్తకుండానే పరుపుచుట్టలు, నీళ్ల డబ్బాలు, మసిపట్టిన టీ కాచే డబ్బా బండిలోకి ఎక్కించాం.

ఆ దారుల్లో ఒక మర్యాద ఉంది. ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీది చూపుడువేలు కాస్త లేపాలి. చెయ్యంతా ఊపితే పట్నం మనిషని నవ్వుతారు, అసలు లేపకపోతే పొగరంటారు. మా వదినను వేలెత్తి చూపినవాళ్లు ఆ కొండల్లో లేరు, ఆమె వేలెత్తి పలకరించనివాళ్లూ లేరు.

ఈసారి మొదటిరోజే ఒక ఎండిన మొద్దుకు వేలెత్తింది.

"వదినా, అది చెట్టు."

"తెలుసులే. ఏళ్లుగా అక్కడే నిలబడి ఉంది పాపం, పలకరించకూడదా?"

నవ్వాను గాని, అక్కణ్నుంచి నా కళ్లు రోడ్డు మీదే. ఈమూ పక్షులు అడ్డం వస్తే ఆమెకంటే ముందు నా కాలు బ్రేకు వెతికేది, నా కాలి కింద బ్రేకు ఉంటేగా! ఆమెకూ నెమ్మది లేదు. టీ నీళ్లు మరిగేలోపే "పద, ఇక్కడ గాలి బాలేదు" అనేది. చక్కటి జాగాలు ఒకదాని వెనక ఒకటి వదిలేసి పోతూనే ఉన్నాం.

ఆ మర్నాడు క్లెమ్ తెల్లబండి ఎదురొచ్చింది. గొర్రెలు పెంచుకునే మనిషి, మా అన్నకు ప్రాణస్నేహితుడు. వేలెత్తాడు. వదిన వేలు కదల్లేదు. దుమ్ము లేపుకుంటూ అతని పక్కనుంచే పోయింది. 

పొద్దువాలేసరికి వాగు ఒడ్డున నిప్పు రాజేశాం. పొగ చూసుకుంటూ క్లెమ్ వచ్చాడు. ఎప్పటిలా కూర్చోలేదు.

"ఏంటి గ్లెనిస్, మరీ అంత పెద్దదానివైపోయావా? వేలు కూడా లేవలేదే! నేనేం పాపం చేశానో చెప్పి పుణ్యం కట్టుకో."

వదిన నిప్పులోకే చూస్తూ, "పోయినేడు నువ్విచ్చిన మాంసం ముదురు. పళ్లు ఊడొచ్చాయి. అందుకే కోపం" అంది.

"దానికా? నలభయ్యేళ్ల స్నేహం మాంసం ముక్కకు తెగిందా?"

"తెగింది. వెళ్లు."

అతని మొహం చిన్నబోయింది. బండివైపు నడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గుడ్డిదాన్నయ్యానని ఒప్పుకోవడం కంటే ఉన్న స్నేహితుణ్ని శత్రువుని చేసుకోవడమే నయమనుకుంది మహాతల్లి!

"వదినా, చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

లేచింది. నిప్పు చుట్టూ తిరిగింది. టీ డబ్బా తీసింది, మళ్లీ పెట్టింది. క్లెమ్ బండి ఇంజను గుర్రుమంది.

"క్లెమ్! ఆగరా!" అని అరిచింది. "నువ్వు కనబళ్లేదు. అంత పెద్ద బండే నాకు కనబళ్లేదు. చాలా?"

అతను ఇంజను ఆపి వచ్చాడు. ఆమె పక్కన కూర్చున్నాడు. టీ మరిగించుకుని ముగ్గురం తాగాం. ఆ రాత్రి మాత్రం వదిన జాగా మార్చమనలేదు.

తెల్లారాక తాళాలు నా ఒళ్లో పడేసింది. "గేర్లు కరకరమనిపించావంటే దిగి నడిచిపోతా" అని పక్క సీట్లో కూర్చుంది. అద్దం దింపింది, ఎక్కించింది, మళ్లీ దింపింది. ఆమె కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. కొంతదూరం పోయాక తల పక్కకు వంచింది.

"బండి వస్తోంది. క్లెమ్‌దే, ఆ పొగగొట్టం మోత నాకు తెలుసు. వేలెత్తు."

మలుపు తిరిగాక గాని నాకు కనబడలేదు. ఎత్తాను. తెల్లబండి మమ్మల్ని దాటిపోయింది.

"ఎత్తాడా?" అంది వదిన.

"ఎత్తాడు."

పక్కకు చూశాను. మోకాలి మీద ఆమె చూపుడువేలు ఇంకా లేచే ఉంది.