కుట్లు లేని ఆపరేషన్

తెల్లాపూర్‌లోని ఆ గేటెడ్ కమ్యూనిటీలో పోచమ్మది సెక్యూరిటీ ఉద్యోగం. ఇళ్లల్లో పని ముగించుకుని వెళ్లే ఆడవాళ్ల సంచులు వెతకాలి. అదే గేటు నుంచి బయటికి పోయే కార్ల డిక్కీలు మాత్రం ఎవరూ తెరిపించరు.

వెతికే చేతిని ఎవరూ ఇష్టపడరు. వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఏదో ఒకటి దెప్పిపొడవకుండా కదలరు.

"ఏమక్కా, ఇయ్యాలన్న నా సంచిల బంగారం దొరికిందా?" అంటుంది అమ్మణ్ణి.

"దొరికితే నీకు జెప్తనా? నేనే తీస్కపోత."

భర్త పోయాక, తెల్లాపూర్ పాత ఊళ్లోని తన కిరాయి గదికి వెళితే పలకరించే దిక్కు లేదు పోచమ్మకు. రోజు మొత్తంలో ఆమెతో మనుషులు మాట్లాడేది ఆ వరసలోనే. దెప్పులైనా మాటలే కదా.

పైన ఒక్కో ఫ్లాటుకు మూడు బాత్రూములు. గేటు దగ్గర ఒక్కటీ లేదు. పనివాళ్లది కింద బేస్‌మెంట్‌లో, పంపుల గది పక్కన ఉంది. అక్కడికి పోవాలంటే గేటులో మరో ఆడమనిషి నిలబడాలి. అలాంటి మనిషిని ఎవరూ పెట్టలేదు. మగ గార్డులు ప్రహరీ చాటుకు పోతారు. పోచమ్మ నీళ్లు తాగడం మానేసింది. ఏళ్ల తరబడి పొద్దున ఒక చాయ్, మళ్లీ డ్యూటీ దిగాకే గొంతు తడి. కిడ్నీలో రాయి పెరిగింది.

దవాఖానలో ఒంటిమీద కత్తి పెట్టలేదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం కిడ్నీ దాకా పంపి, లేజరుతో రాయిని పొడి చేశారు. వాపు తగ్గేదాకా మూత్రం ఆగకుండా లోపల ఇంకో మెత్తని గొట్టం ఉంచారు. కొన్ని వారాలకు తీసేస్తామన్నారు. "నీళ్లు బాగా తాగమ్మా, ఒంటికొస్తే అసలు ఆపుకోకు" అంది డాక్టరమ్మ. కాగితంలో మాత్రం 'పనిలోకి వెళ్లవచ్చు' అని రాసింది. ఏ పనిలోకో అడగలేదు.

సూపర్‌వైజర్ ఓబులేసు ఆ కాగితం చూసి, ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"ఆపరేషన్ అంటివి, నడుచుకుంటా వస్తివే. కుట్లేవి?"

"కుట్లుండయి సార్. లేజరుతోని చేసిండ్రు."

"సరే, రాయన్నా చూపీ."

"అది పొడైంది సార్. ఒంట్లకెంచే పోయింది."

"కుట్లూ లేవు, రాయీ లేదు! మా చిన్నాయనకు రాయి తీస్తే నడుముకు జానెడు కోత. మూడు నెల్లు మంచం దిగలా. ఆపరేషనంటే అదమ్మా. పో, గేటు కాడ నిలబడు."

ఎవరికైనా ఆపరేషన్ అయితే బ్రెడ్డో పండ్లో పట్టుకుని చూడ్డానికి వెళతారు. పోచమ్మ గదికి ఎవరూ రాలేదు. చూడ్డానికి ఏముందని వస్తారు? "మంచిగనే ఉన్నవ్ గదక్కా" అంది అమ్మణ్ణి సంచి తెరిచి పట్టుకుని.

లోపలి గొట్టం ఊరుకోదు. ఘడియకోసారి ఒంటికి వచ్చినట్టే ఉంటుంది. బిగబడితే పోటు నడుములోకి తన్నుతుంది. ఒక మధ్యాహ్నం వరస గేటు దాటి లోపలికి సాగి ఉంది. పోచమ్మ చెయ్యి అమ్మణ్ణి సంచిలోనే ఆగిపోయింది.

"జర ఆగుండ్రి, పోయొస్త."

"ఆగుడేంది? ఇంకో ఇంటికి పోవాలె. చూస్తె చూడు, లేకుంటె ఇడువు."

పోచమ్మ పక్కకు జరిగింది. "పోండ్రి. అందరు పోండ్రి."

సంచులు తెరవకుండానే వరస మొత్తం బయటికి నడిచింది. ఒక్కరూ వెనక్కి చూడలేదు. ఆమె గోడ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది.

తిరిగొచ్చేసరికి ఓబులేసు గేటులో ఉన్నాడు. "గేటు ఇడ్సిపెట్టి పోతావా? కదలకుండా నిలబడతానంటే ఉండు. లేదంటే కింద ఆ బాత్రూం పక్కనే డ్యూటీ ఏస్తా, కార్లు లెక్కబెట్టుకుంటా కూచో."

పోచమ్మ గేటు బయట రోడ్డు వైపు చూసింది. అమ్మణ్ణీ వాళ్లూ ఆటో ఎక్కుతూ దేనికో నవ్వుకుంటున్నారు.

"కిందనే ఎయ్యి సార్."

కింద పగలూ ట్యూబులైట్లే. కార్ల వాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో దిగి, అద్దాలెక్కించుకుని పోతారు. పోచమ్మ సీసాడు నీళ్లు తాగుతుంది, ఒంటికొస్తే లేచి పోతుంది. అంతకుమించి చెప్పుకోవడానికేమీ ఉండదు, చెప్పుకునేందుకు మనిషీ ఉండడు.

గొట్టం తీసేశాక ఓబులేసే దిగివచ్చాడు.

"గేటుకొస్తావా మ్మా? ఆడోళ్లను చెక్ చేసేదానికి ఎవురూ దొరకలా."

"ఆడ బాత్రూం కట్టిండ్రా సార్?"

"యాడ కడతారు!"

"అయితే ఈడనే ఉంట."

అతను మెట్లెక్కిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. లిఫ్టు దిగింది. పోచమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు.