భిక్ష విస్తరి ముందు వీరేశం స్వామి

వీరేశం మాల వేసుకున్నది భక్తితో కాదు, భయంతో. కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎదురొచ్చే బండి లైట్లు పొగలో దీపాల్లా కనిపిస్తుంటే మేళ్లచెరువు సిమెంటు లారీ ఎవరిస్తారు? ఓనరు తాళాలు తీసుకుని, ఆపరేషన్ చేయించుకొని రమ్మన్నాడు. సూర్యాపేట కంటి డాక్టరేమో షుగరు దిగితేనే కత్తి పడతానన్నాడు.

అది డిసెంబరు. కోదాడలో తోటి డ్రైవరు సత్యానందం ఇంట్లో క్రిస్మస్ బిర్యానీ, ఆ వెంటనే డ్రైవర్ల న్యూ ఇయర్ దావతు. షుగరుందంటే ఎవరూ వినరు. "ఒక్క ముక్కకు ఏమైతది మామా, తిను" అంటారు. దేవుడి పేరు చెబితే మాత్రం గ్లాసు వెనక్కి తీసుకుని దండం పెడతారు. ఇది కనిపెట్టే వీరేశం కోదాడ పక్కనున్న చిలుకూరులో గురుస్వామి బుచ్చయ్య చేత అయ్యప్ప మాల వేయించుకున్నాడు. మందూ మాంసం ఒక్క దెబ్బకు ఖతం.

భిక్ష సంగతి మరిచిపోయాడు. మాల వేసుకున్నవాళ్లకు మధ్యాహ్నం అన్నం పెడితే పుణ్యమని రోజూ ఎవరో ఒకరు పిలుస్తారు. పులిహోర, బూరెలు, బొబ్బట్లు, గిన్నెడు పాయసం. ప్రసాదం కనుక వద్దనకూడదు, విస్తరిలో మిగల్చకూడదు. మందు మానేశానన్న ధీమాతో వీరేశం మారు కూడా అడిగాడు. షుగరు మునుపటికంటే పెరిగింది.

"ఏం తింటున్నావయ్యా?" అన్నాడు డాక్టరు.

"ప్రసాదమే సార్."

"అందులో చక్కెర వేయరా? ఈసారీ దిగకపోతే ఇక నా దగ్గరికి రాకు."

ఇంటికొస్తే భార్య ఊర్మిళ అందుకుంది. "పొద్దున లేస్తే స్వామీ స్వామీ అని మొక్కుతున్న. నోరు కట్టుకోలేని స్వామివి నువ్వేం స్వామివి! లారీ పోతే గా బొబ్బట్లు తెచ్చిస్తయా?"

మర్నాడు భిక్ష కిరాణం కొట్టు సంతోషి ఇంట్లో. ఆమె బూరెల పళ్లెంతో వంగేసరికి వీరేశం విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "తీపి వద్దమ్మా. అన్నం గూడ వద్దు. షుగరుంది."

పంక్తి మొదట్లో కూర్చున్న బుచ్చయ్య తలెత్తాడు. "అయ్యప్ప పెట్టింది వద్దంటవా స్వామీ? పాపం గాదా?"

"పాపమైతే నేను మోస్త స్వామీ. కన్ను లేకుంటే లారీ కదలది."

పక్క విస్తరి ముందు కూర్చున్న తండా దస్రు మెల్లగా పాయసం గిన్నె జరిపాడు. "నాక్కూడ వద్దమ్మా. నాకెప్పటి సందో ఉంది షుగరు. ఎవలన్న ముందుగాల అంటరేమోనని సూస్తున్న."

"మరి నేనేం పెట్టాలె? పుణ్యానికి పిలిస్తిని!" అని సంతోషి పరేషాన్ అయింది.

వంటింట్లోంచి ఆమె అత్త పెంటమ్మ గొంతు వినిపించింది. "నా కోసం కాల్చిన జొన్నరొట్టెలున్నయ్, పాలకూర పప్పుంది. గవి పెట్టు. దాంట్ల పుణ్యం రాదా ఏంది?"

బుచ్చయ్య వంటింటి వైపు తిరిగాడు. "ఉల్లిగడ్డ ఎయ్యలేదు గద?"

"ఎయ్యలే స్వామీ."

"అయితే నాకూ ఒకటి తే."

ఆనాటి నుంచి పిలిచిన ప్రతి ఇంట్లో రొట్టెలూ కాల్చారు. బూరెలు ఆగలేదు, తినేవాళ్లు తిన్నారు. వీరేశం షుగరు దిగింది. డాక్టరు ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ, స్వాముల బృందం శబరిమల రైలెక్కే రోజూ ఒకటే అయ్యాయి. తేదీ మార్చమని వీరేశం అడగలేదు. ఊరి గుడిలోనే మాల తీయమని గురుస్వామితో అన్నాడు.

"ఇంత చేసి కొండకు రావా స్వామీ?" అన్నాడు బుచ్చయ్య.

"కొండ వచ్చే ఏడు గూడ గాడనే ఉంటది స్వామీ. లారీ ఉండది."